ఈ ఆదివారం కొట్టేద్దాం

జగదల్‌పూర్ గోల్ బజార్‌లో ఏ సెల్ షాపు ముందైనా సాయంత్రం ఆరు దాటాక అతను కనిపిస్తాడు. కొనడానికి రాడు, రిపేరుకీ రాడు. చేతిలో పోయినేటి దాకా రెడ్‌మీ నోట్ 4, భుజానికి లాప్‌టాప్ సంచి, సంచిలో మూడు రకాల డేటా కేబుళ్లు. కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం వేసే రోజుల్లో తాతగారు బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అంచేత ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, సంతలో హల్బీ. ఫోన్ మాట వస్తే మాత్రం బూట్‌లోడరు, రికవరీ, కెర్నెలు, డర్టీ ఫ్లాషు అంటూ నాలుగో భాష మొదలవుతుంది. ఊళ్లో తెలుగు కుర్రాళ్లందరికీ అతను కస్టమ్ బావ.

బావ జీవితాశయం ఒక్కటే. కంపెనీవాడు ఫోన్‌లో పెట్టిచ్చిన సాఫ్ట్‌వేర్ పీకేసి, బయటి డెవలపర్లు రాసిన కస్టమ్ రామ్ (ROM) ఎక్కించడం. ఆ వంశవృక్షం మొత్తం కంఠతా వచ్చు. 2009లో స్టీవ్ కాండిక్ అనే ఆయన సైనోజెన్‌మోడ్ అనే రామ్ మొదలుపెట్టడం, 2014లో వన్‌ప్లస్ వన్ దాంతోనే బజారుకి రావడం, మన మైక్రోమ్యాక్స్ వాళ్ల యురేకా కూడా అదే దారి పట్టడం, 2016 చివర్లో సైనోజెన్ కంపెనీ చేతులెత్తేస్తే అదే కోడు లీనేజ్ ఓఎస్‌గా మళ్లీ లేవడం వరుసగా చెబుతాడు. యురేకా దగ్గరికొచ్చేసరికి గొంతు కాస్త వణుకుతుంది కూడా.

ఇంత తెలిసినవాడి ఫోన్‌లో ఏ రామ్ ఉంది అని అడగకండి. కంపెనీదే ఉంది.

నోట్ 4 మన దేశంలోకి వచ్చింది 2017 జనవరిలో. ఆండ్రాయిడ్ 7 ఇచ్చాక షావోమీ దాన్ని అక్కడే వదిలేసింది. వదిలేసిన రోజునే మన బావకి పని దొరికింది. ప్రతి శుక్రవారం ఆ పూట ఉన్న కొత్త బిల్డు దించుతాడు. లాప్‌టాప్‌లో ‘ఫైనల్’ అని ఒక ఫోల్డరు, ‘ఫైనల్ కొత్తది’ అని ఇంకోటి, ‘ఇదే ఫైనల్’ అని మూడోది. శనివారం అందరి సలహాలూ తీసుకుంటాడు. “ఈ ఆదివారం కొట్టేద్దాం” అంటాడు. ఆదివారం మబ్బు పడుతుంది.

మబ్బుకీ ఫోన్‌కీ ఏం సంబంధం అంటారా? లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, చార్జరు ఉంటేనే నడుస్తుంది. బస్తర్‌లో వాన పడిందంటే కరెంటు ఉంటుందని ఎవరూ పూచీ పడరు. ఫర్మ్‌వేర్ సగం ఎక్కి ఉండగా కరెంటు పోతే ఫోన్ లేవకపోవచ్చు. ఈ లెక్కన జూన్ నుంచి సెప్టెంబరు దాకా మూఢం. దానికి తోడు దసరా. బస్తర్ దసరా అంటే పది రోజులు కాదు, 75 రోజులు. పండగ పూట ఫోన్ చచ్చి కూర్చుంటే ఎలా? చలికాలంలో అరకు మీదుగా విశాఖ చుట్టాల పెళ్లిళ్లకి తిరగాలి. అలా ఏడాది గడుస్తుంది.

రామ్ మార్చాలంటే ముందు బూట్‌లోడరు తాళం తియ్యాలి. అందుకు షావోమీకి అర్జీ పెట్టుకుంటే 168 గంటలు ఆగమంది. బావ దానికంటే ఎక్కువే ఆగాడు. గడువు తీరిపోయి కంపెనీ సరేనన్నాక కూడా ఆగుతూనే ఉన్నాడు.

భయాలు ఊరికే లేవు, పాపం. తాళం తీస్తే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. తాళం తీశారని బ్యాంకు యాప్‌కి అనుమానం వస్తే తలుపు తియ్యదు. ఒకప్పుడు సేఫ్టీనెట్ అనే కాపలావాడుండేవాడు, ఇప్పుడు ప్లే ఇంటెగ్రిటీ అని ఇంకా గట్టివాడొచ్చాడు. సంజయ్ మార్కెట్‌లో కూరలావిడ దగ్గర కూడా క్యూఆర్ బోర్డు వేలాడే రోజుల్లో యూపీఐ లేని మగవాడు వంకాయలు కూడా తేలేడు. “మ్యాజిస్క్ అని ఒక టూల్ ఉంది, అది పెట్టి తాళం సంగతి దాచెయ్యొచ్చు” అంటాడు బావ. మరుక్షణం తనే, “దాచింది కనిపెట్టేస్తే?” అంటాడు. వాదీ తనే, ప్రతివాదీ తనే, వాయిదా వేసేదీ తనే. కొన్ని ఫోన్లలో వైడ్‌వైన్ ఎల్1 పోతుందని విని ఒక్కోసారి బెంగపడతాడు. అది పోతే నెట్‌ఫ్లిక్స్ సినిమా హెచ్‌డీలో రాదు. బావకి నెట్‌ఫ్లిక్స్ లేదు.

ఈ ఊరి గాలే అలాంటిదేమోనని నాకో అనుమానం. కాకతీయుల అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వస్తుంటే దంతేశ్వరి అమ్మవారు వెనకే నడిచిందని, వెనక్కి చూడకుండా ఎంత దూరం పోతే అంత మేరా రాజ్యం నీదేనందని ఇక్కడ చెబుతారు. శంఖిని, డంకిని కలిసేచోట ఇసుకలో అందెల చప్పుడు ఆగిపోయింది. ఆయన తిరిగి చూశాడు, అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. అన్నమదేవుడు దంతెవాడ దాకానైనా వచ్చాడు. మన బావ ఫాస్ట్‌బూట్ తెర మీద చెవుల టోపీ పెట్టుకున్న ఆ షావోమీ కుందేలు బొమ్మ కనిపించగానే తిరిగి చూస్తాడు.

ఇదంతా సొంత ఫోన్ సంగతి. పరాయి ఫోన్ చేతికిచ్చి చూడండి, అపర భీముడు! 2018లో రమణ్ సింగ్ ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన కింద ఆడవాళ్లకీ, కాలేజీ పిల్లలకీ మైక్రోమ్యాక్స్ ఫోన్లు పంచింది. వాళ్లమ్మకీ ఒకటి వచ్చింది. ఆ రాత్రే బావ దాని మీద పడ్డాడు. గంటలు గంటలు వెతికి, “అమ్మా, దీనికి డెవలపర్లు లేరే” అన్నాడు, అనాథ పిల్లని చూసినట్టు చూస్తూ.

“మోగుతోంది కదరా, ఇంకేటి కావాలి నీకు?” అందావిడ.

బామ్మర్ది ఫోన్‌కి డెవలపర్లు ఉన్నారు. అదే వాడి ఖర్మ. బావ అరగంటలో తాళం తీసి, కొత్తదాని మీద పాత వెర్షన్ ఎక్కించాడు. పాతదానికి దిగితే ఫోన్ చచ్చేలా కొన్ని మోడళ్లలో యాంటీ రోల్‌బ్యాక్ అని ఒక కట్టడి ఉంటుంది. ఆ సంగతి ఊరందరికీ చెప్పింది బావే. తెర నల్లబడింది. నొక్కినా, పట్టినా, చార్జింగ్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు.

గోల్ బజార్ మెకానిక్ పిల్లాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఆ పిల్లాడు లీనేజ్ పేరు వినలేదు, స్టీవ్ కాండిక్ ఎవరో తెలీదు. నోట్లో గుట్కా. “సాఫ్ట్‌వేర్ మార్‌నా హై? తీన్ సౌ” అన్నాడు. వేడి గాలి కొట్టి వెనక డొప్ప ఊడదీశాడు. బోర్డు మీద ఆవగింజంత రెండు చుక్కలుంటే, వాటిని ట్వీజరుతో కలిపి పట్టుకుని రెండో చేత్తో కేబుల్ గుచ్చాడు. కంప్యూటర్లో 9008 అని పడింది, అంటే ఫోన్ ఇంకా అందుతోందన్నమాట. ఈ లోపల ఇంకెవరికో రీచార్జి చేసి, చిల్లరకి కీచులాడి, టీ తెప్పించుకున్నాడు. టీ చల్లారే లోపల ఫోన్ లేచి కూర్చుంది. బావ కళ్లు తిప్పుకోలేకపోయాడు. “బ్యాకప్ తియ్యలేదు కదా భయ్యా?” అని నిలదీశాడు. పిల్లాడు డబ్బు లెక్కపెట్టుకుంటున్నాడు.

బామ్మర్ది మూడు నెలలు మాట్లాడలేదు. బావ మాత్రం ఆ ఉదంతాన్ని “మనం లేపిన ఫోన్” అని చెబుతుంటాడు.

పోయినేడు నోట్ 4 బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేచింది. ఇక తప్పదని కొత్త ఫోన్ కొన్నాడు. మళ్లీ షావోమీనే, ఈసారి హైపర్ ఓఎస్. తాళం తియ్యడం ఇందులో మరీ యాతన. వాళ్ల కమ్యూనిటీ యాప్‌లో అర్జీ పెట్టాలి, ఖాతాకి 30 రోజులు నిండి ఉండాలి, పైగా రోజుకి ఇంతమందికే అని కోటా. అది తెరుచుకునేది బీజింగ్‌లో అర్ధరాత్రి, మనకి రాత్రి తొమ్మిదిన్నర. తెరిచిన క్షణాల్లో అయిపోతుంది.

ఇంత హాయి బావ ఎన్నడూ ఎరగడు. అర్జీ పెట్టడం తన పని, కాదనడం చైనావాడి పని. రాత్రి తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి కంచం ముందు కూర్చుని, ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని సెకన్లు లెక్కపెడతాడు. నొక్కుతాడు. ‘నేటి కోటా పూర్తయింది, రేపు ప్రయత్నించండి’ అన్న అర్థంలో ఏదో పడుతుంది.

“అయిందా?” అంటుంది వాళ్లమ్మ గరిటె పట్టుకుని.

“లేదమ్మా.”

“అయితే చెయ్యి తియ్యి, చారు పోస్తాను.”