తాతకి వాయిస్తే లెక్కలోకి రాదట

మా మనవరాలు క్లారినెట్ వాయిస్తుంది. న్యూజెర్సీలో సర్కారు హైస్కూల్లో పదకొండో తరగతి. బాగా వాయిస్తుందని చెప్పుకోగా విన్నాను. నాకు మాత్రం వాయించదు. ఓ ఆదివారం ఖాళీగా కూర్చుంది కదా అని అడిగితే, “నీకు వాయిస్తే అవర్స్ రావు తాతయ్యా, ఇంట్లోవాళ్ళకి చేసింది సర్వీస్ కాదు” అంది. ఆ మధ్యాహ్నమే మా కోడలు కారెక్కించుకుని వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళింది. అక్కడ ఎవరో తాతలకి గంటన్నర వాయించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చింది. నేనూ తాతనే. డెబ్బై ఐదు దాటినవాణ్ణే. కాకపోతే సంతకానికి పనికిరాని తాతని.

ఈ గంటల గోలేమిట్రా అని మా అబ్బాయిని నిలదీశాను. ట్రై-ఎమ్ అని ఒక సంఘం ఉందట. సంగీతంలో ఏ గ్రేడు, తక్కిన సబ్జెక్టుల్లో బీ గ్రేడు ఉన్న పిల్లల్ని ఏరి చేర్చుకుంటారు. పైగా సేవ చెయ్యాలి, దానికి రుజువు చూపించాలి. 1936లో ఇల్లినాయిస్ రాష్ట్రం పార్క్ రిడ్జ్‌లో అలెగ్జాండర్ హార్లీ అనే ఆయన భార్యతో కలిసి ఒక హైస్కూల్లో మొదలుపెట్టాడు. దానికి పెద్దక్క నేషనల్ ఆనర్ సొసైటీ. హెడ్మాస్టర్ల సంఘం 1921లో పెట్టింది. చదువు, సేవ, నాయకత్వం, శీలం అని నాలుగు స్తంభాలు. పదహారేళ్ళ పిల్లకి శీలం ఉందో లేదో టీచర్ల కమిటీ కూర్చుని తేలుస్తుంది! మాకు ఆ పని ఊళ్ళో కిళ్ళీ కొట్టువాడు చేసిపెట్టేవాడు, సాయంత్రానికల్లా ఇంటికి కబురు చేరేది.

ఇవి కాక లెక్కలకో సొసైటీ, స్పానిష్‌కో సొసైటీ, సైన్సుకో సొసైటీ. మా పిల్ల వీటిలో చాలావాటిలో ఉంది. ఇన్ని ఎందుకే అంటే, కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవాలంది. మరి క్లారినెట్ ఎందుకు? అదీ రాసుకోవడానికేనట. నవ్వుతూనే అంది గానీ, నాకు నవ్వు రాలేదు.

మా రోజుల్లో, అంటే 1960ల్లో, కృష్ణా జిల్లాలో నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో సంగీతానికి పీరియడూ లేదు, గ్రేడూ లేదు. ఉన్నది ప్రభాతభేరి. ఆగస్టు పదిహేను అంటే తెల్లవారుజామున చీకటుండగానే బడి దగ్గర చేరేవాళ్ళం. స్కౌట్ల డ్రమ్ము ఒకటి, సొట్టలు పోయిన బ్యూగిల్ ఒకటి. వానాకాలం కదా, డ్రమ్ము తోలు మెత్తబడి టపటపమనేది. టీ కొట్టు పొయ్యి దగ్గర దాన్ని కాచుకుని బయల్దేరేవాళ్ళం. తెలుగు మాస్టారు ముందు పాడితే మేం వెనక అందుకోవాలి. శంకరంబాడి సుందరాచారి తెలుగుతల్లి పాట, గురజాడ దేశభక్తి గీతం, ఆ తర్వాత మాస్టారు తనే కట్టిన పాటొకటి. ఆ మూడోది ఊళ్ళో ఎవరికీ నచ్చేది కాదు గానీ ఆయన వదిలేవారు కాదు. కాలవ గట్టు దాటి, కొత్తపేట చుట్టి, మళ్ళీ బడికి వచ్చేసరికి గొంతులు బొంగురుపోయేవి. ముగ్గులేస్తున్న ఆడవాళ్ళు చెయ్యాపి చూసేవాళ్ళు. మా అమ్మ అయితే గుమ్మంలోనుంచే “ఒరేయ్, పాడు, ఊరికే నోరాడిస్తావేం!” అని అరిచేది. చివర్లో పిప్పరమెంట్లు పంచేవారు. పాడినవాడికీ రెండు, పాడినట్టు నటించినవాడికీ రెండు. ఎవరి దగ్గరా సంతకం తీసుకోలేదు.

ఇక ఆనర్ అంటారా? హెడ్మాస్టరు గదిలో నల్లటి చెక్క బోర్డు ఉండేది. ఏ సంవత్సరం ఎస్సెస్సెల్సీలో బడికి ఫస్టు ఎవరో తెల్లరంగుతో రాసేవారు. ఏడాదికి ఒక్క పేరు. అందులో మా పేరు ఎక్కదని మాకు ముందే తెలుసు కాబట్టి హాయిగా ఉండేవాళ్ళం.

లెక్క కట్టకుండా పాడిన పాటలే దేశానికి మిగిలాయని నా గట్టి నమ్మకం. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమన పాడి వినిపించారు. విన్నవాళ్ళు ఊరుకోలేక పల్లవి అందుకున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరం రాసిపెట్టింది. ఆ కాలేజీ పిల్లలు దాన్ని రోజూ పొద్దున్నే ప్రార్థనగా పాడుకున్నారు. జాతీయగీతం కావడానికి ఇంకా ముప్ఫై ఏళ్ళుంది. ఆ పిల్లల పేర్లు ఎవరికి తెలుసు?

బళ్ళో రోజూ చెప్పిన ప్రతిజ్ఞ సంగతీ అంతే. నల్గొండ జిల్లా మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా రాశారు. దేశంలో పిల్లలందరూ చెయ్యి చాచి చెబుతున్నా, పాఠ్యపుస్తకాల్లో ఎన్నో ఏళ్ళు ఆయన పేరు లేకుండానే అచ్చయింది. సేవ సంగతీ అంతే. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల జోలె పట్టి మధూకరం తెచ్చుకుని కడుపు నింపుకున్నాడు. ఆయనకి అన్నం పెట్టిన తల్లులు ఏ కాగితం మీదా గంటలు రాయించుకోలేదు.

పోయిన జూన్‌లో పక్కింటి తెలుగువాళ్ళ అబ్బాయి గ్రాడ్యుయేషన్‌కి నన్నూ తీసుకెళ్ళారు. నల్లగౌను మీద మెడలో ఆ సొసైటీల బంగారు రంగు తాడు, నీలం తాడు, సంగీతానికి గులాబీ రంగు తాడు, ఆ పైన అడ్డంగా పట్టీ. నడిచి వస్తుంటే అచ్చం సంక్రాంతికి వచ్చే గంగిరెద్దే. పైకి అనకుండా ఉండలేకపోయాను. వెనక కూర్చున్న గుంటూరాయన కిసుక్కున నవ్వాడు, మా కోడలు మాత్రం గుర్రుగా చూసింది.

ఇంతా తిట్టాక ఒక్క మాట ఒప్పుకోకపోతే అన్యాయం. మా మనవరాలి బళ్ళో బ్యాండు అనేది ఒక పీరియడు, లెక్కల పీరియడులాగే. దానికి జీతం తీసుకునే టీచరున్నాడు. నాలుగో తరగతిలోనే పిల్ల చేతికి పిల్లనగ్రోవిలాంటి రికార్డరు ఇచ్చారు, మరుసటేడు క్లారినెట్ వచ్చింది. కొనుక్కోలేని పిల్లలకి బడే వాయిద్యం సర్దుతుంది. ఆగస్టు ఎండలో మార్చింగ్ బ్యాండు పిల్లలు తెల్లారింది మొదలు మైదానంలో వరసలు కడుతుంటే, ట్యూబా మోస్తున్న బక్కపిల్లాణ్ణి చూసి నాకే జాలేసింది. గొంతు లేని మమ్మల్ని మాస్టారు వెనక్కి నెట్టేవారు, ఇక్కడ అలా నెట్టరు. చెవికింపుగా వాయించనివాడికీ వరసలో చోటుంది. గంటలూ తాళ్ళూ తీసేస్తే ఈ ఏర్పాటుకి నేను దణ్ణం పెడతాను.

అసలు నా కోపం మన దగ్గరివాళ్ళ మీద. మా ఊరివాళ్ళ పిల్లలు ఇప్పుడు చదివే బళ్ళకి మైదానమే లేదు, డ్రమ్ము ఎక్కడ కొడతారు? అపార్టుమెంటులో బడి, మెట్ల కింద క్యాంటీను, పొద్దున్న స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. మా మేనల్లుడి కొడుకు చదివేచోట ఆగస్టు పదిహేనున స్పీకర్లో రికార్డు పెట్టి, పిల్లల్ని వరసగా నిలబెట్టి, మళ్ళీ క్లాసుకి తోలేశారు. జనగణమన కూడా పిల్లల చేత పాడించలేదు! ఇక వాళ్ళ ఆనర్ సొసైటీ అంటే పేపరు మొదటి పేజీ. పాస్‌పోర్టు ఫోటోలు, వాటి కింద ర్యాంకులు. టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి అని కేకలు. అమెరికా వాళ్ళు పాటకి గంటలు లెక్కపెడితే, మనవాళ్ళు పాటకి గంటే లేకుండా చేశారు. జిల్లా పరిషత్ బళ్ళలో డ్రాయింగుకీ, సంగీతానికీ ఉన్న కాసిని పోస్టులు కూడా, మాస్టార్లు రిటైరయ్యాక నేను చూసినంతమేర నిండలేదు.

అందుకే పూర్వ విద్యార్థులకి, ముఖ్యంగా అమెరికాలో ఉన్నవాళ్ళకి చెబుతున్నాను. సంక్రాంతికి ఊరెళ్ళి, చదువుకున్న బడికి ఏదో ఒకటి చేద్దామని పేర్లు చెక్కిన ముఖద్వారాలు కట్టిస్తున్నారు. ముఖద్వారాలు చాలు. వచ్చే జూన్‌లో ఒక హార్మోనియం, రెండు డ్రమ్ములు కొనివ్వండి. వారానికి మూడు రోజులు వచ్చి పాడించే మాస్టారికి మీ ఊరి బ్యాచ్ అంతా కలిసి జీతం ఇవ్వండి. మీ పేరు ఎక్కడా రాయించుకోకండి.