రాట్నోపాలంభం (టీకా తాత్పర్య సహితం)

మూలం:
ఓలమ్మీ! కదురు వంకరైపోనాది, తాడు జారిపోతంది,
ఏకు తెగిపోతంది. రాట్నం మీద సెయ్యెట్టినోలెవులే?

అవతారిక: శ్రీకాకుళం సీమలో నూలు వడికే ఒకానొక ముసలమ్మ నోట వెలువడిన వాక్యమిది. ఛందస్సు లేదు, కోపం ఉంది. ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ కావ్యాల టీకాకారుడు మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి నియమం మాకూ సమ్మతమే. రెండోది పాటిస్తే టీకాకారుడి పొట్ట గడవదు.

ప్రతిపదార్థం: ఓలమ్మీ = ఓసి అమ్మాయీ (ఎదుట అమ్మాయి ఉండి తీరాలన్న నియమం లేదు); కదురు = నూలు పురిపడే సన్నటి ఇనపపుల్ల; వంకరైపోనాది = వంగినది; తాడు = చక్రం తిరుగుడును కదురుకు చేరవేసేది; జారిపోతంది = నిలవకున్నది; ఏకు = ఏకిన దూదిని చుట్టిన వత్తి; తెగిపోతంది = స్పష్టం; సెయ్యెట్టినోలు = చేయి పెట్టినవారు; ఎవులే = ఎవరే.

టీక: రాట్నంలో ముందు కంటికి ఆనేది చక్రం. కదురు చూడాలంటే నడుం వంచాలి. అయినా ఈమె చక్రం ఊసెత్తకుండా కదురుతో ఎత్తుకుంది. శాస్త్రం తెలిసిన మనిషి. ఎడమచేత ఏకును వెనక్కి లాగుతూ కుడిచేత చక్రం తిప్పితే, పోగు కదురు మొన మీంచి జారిన ప్రతిసారీ ఒక పురి ఎక్కుతుంది. చేయి చాచినంత పోగు వచ్చాక చక్రాన్ని రవ్వంత వెనక్కి తిప్పి, మొన దగ్గరి చుట్లు విప్పి, పోగును అడ్డంగా పట్టి కదురుకు చుట్టాలి. అట్లా చుట్టగా బలిసినది కండె. కదురు వెంట్రుకవాసి వంగినా మొన వణుకుతుంది, తాడు దారి తప్పుతుంది, పోగు తెగుతుంది. మూలంలో క్రియలు సరిగ్గా ఈ వరసలోనే ఉన్నాయి కనుక దీన్ని తిట్టు అనరాదు, హేతువాక్యం అనాలి.

తెగేది పోగు కదా, ఏకు అనడం దోషం కాదా అని పూర్వపక్షి లేస్తాడు. కూర్చోమనాలి. వేళ్ళకూ మొనకూ నడుమ సాగుతున్నది ఇంకా పోగు కాలేదు, ఏకుగానూ మిగల్లేదు. దాన్ని ఏమనాలో వడికేవాళ్ళకే తెలుసు.

ఇక్కడొక రహస్యం. రాట్నంలో పెద్ద అవయవాల పేర్లన్నీ ఎడ్లబండి దగ్గర తెచ్చిన అప్పులే: ఆకులు, కుండ, ఇరుసు. బండివాడు అడిగితే తిరిగి ఇచ్చేయవలసినవి. కదురు మాత్రం సొంత సొత్తు, అదీ పుట్టింటి సొత్తు. తమిళుల ఇంట కదిర్, కన్నడిగుల ఇంట కదిరు. తమిళంలో కదిరంటే ధాన్యపు కంకి కూడా, సూర్యకిరణం కూడా. ఇలాంటి పదాలకు ఆలస్యంగానైనా పీట పడింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం రెండో సంపుటం చేనేతకే కేటాయించారు.

చరఖా అన్న మాట మీటింగుల వెంట వచ్చింది. 1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ), జూన్ నెలాఖరుకల్లా దేశంలో 20 లక్షల చరఖాలు తిరగాలని తీర్మానించింది. వేదిక మీద రాట్నం చరఖా అయింది. ఇంటికొచ్చి వడకడానికి కూర్చుంటే కదురు కదురే. తర్వాత జరిగింది మాత్రం సహించరానిది. 1947 జులై 22న రాజ్యాంగ సభలో జెండాను ప్రతిపాదిస్తూ నెహ్రూ, చరఖా బొమ్మ రెండు వైపులా ఒకేలా కనబడదనీ, కదురూ తాడూ చిక్కు తెస్తున్నాయనీ, కాబట్టి ముఖ్యభాగమైన చక్రాన్ని ఉంచి తక్కినవి తీసేశామనీ సెలవిచ్చారు. ముఖ్యభాగం చక్రమట! ముసలమ్మ సభలో లేదు. జెండా మీది అశోకచక్రానికి 24 ఆకులు, ముసలమ్మ సీమలోనే ఉన్న పొందూరు రాట్నపు చక్రానికీ 24 ఆకులే. ఒకటి నూలు వడుకుతుంది.

ఏకు గురించి చెప్పకపోతే పొందూరు క్షమించదు. అక్కడ పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. దాని పళ్ళే సన్నటి దువ్వెన. చుట్టిన ఏకులను ఎండిన అరటి బోదెలో దాచి, అందులోంచే లాగుతూ వడుకుతారు. అలా వచ్చే నూలు 100వ నంబరు దాటుతుంది. నంబరు అంటే పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని అని లెక్క. 100వ నంబరు నూలు ఒక్క పౌను విప్పి పరిస్తే దాదాపు 77 కిలోమీటర్లు. ఏకు మేకైందని సామెత చెప్పినవాడు ఈ లెక్క వేసి ఉండడు.

సెయ్యెట్టినోలు: ఈ బహువచనం గౌరవం కోసం కాదు, అనుమానం ఇంటిల్లిపాదికీ సమంగా పంచడానికి. కోడలని ఒక వ్యాఖ్యాత, ఎలుకని మరొకడు. రెండూ త్యాజ్యాలు. జాతరలో రంగులరాట్నం ఎక్కి వచ్చిన మనవడు, ఇంట్లో ఉన్నదీ రాట్నమేనని విని, పిల్లిపిల్లను దాని మీద కూర్చోబెట్టి తిప్పాడని మా నిర్ణయం. కదురు మీద వెంట్రుకలే ప్రమాణం.

తాత్పర్యం: మనవడు దోషి, పిల్లిపిల్ల నిర్దోషి. కదురు చక్కబడేదాకా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం పెట్టరు. శేషం సుగమం.