విడాకుల ప్లీడరు

జిల్లా కోర్టున్న ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉంటాడు. ఇంటి ముందు బోర్డు మీద ‘సివిల్ అండ్ క్రిమినల్’ అనే రాసుంటుంది గానీ రిక్షావాడికి కూడా ఆయన విడాకుల ప్లీడరే. తండ్రి గట్టు తగాదాల్లో దిట్ట. ఆయన పోయాక బీరువా, గుమాస్తా, ఎవర్నీ నమ్మని గుణం మూడూ ఈయనకి సంక్రమించాయి. పొలాలు ప్లాట్లయిపోయి గట్లు మాయమయ్యేసరికి కాపురాల మీద పడ్డాడు.

నిజానికి 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం అక్కడ వకీలు హక్కుగా అడుగుపెట్టడానికి లేదు. జడ్జి అనుమతి కావాలి. అంచేత ఆయన వేసే తొలి పిటిషను తనను రానివ్వమనే. దాన్ని ఎదుటిపక్షం ఎప్పుడూ కాదనదు. వాళ్లకీ ఓ ప్లీడరున్నాడుగా!

క్లయింటు ఏడుస్తూ వస్తుంది. ఫ్యాను వేసి, కాఫీ తెప్పించి, ఏడుపు ఓ దారికొచ్చాక అడుగుతాడు: “బంగారం ఎవరి దగ్గరుందమ్మా?” తర్వాత: “పెళ్లిచూపులప్పుడు వాళ్లిచ్చిన బయోడేటా దాచారా?”

ఆ బయోడేటా దేనికో కోర్టులో చూడాలి. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులూ అప్పులూ అఫిడవిట్‌లో రాసివ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. సంబంధం మాట్లాడినప్పుడు ఏడాదికి 30 లక్షలు తెచ్చుకునే అల్లుడు, అఫిడవిట్‌కి వచ్చేసరికి ఉద్యోగం పోయి తండ్రి పింఛను మీద బతుకుతుంటాడు. మన ప్లీడరు కళ్లజోడు సవరించుకుని, పేరయ్య వాట్సాప్‌లో పంపిన కాగితాన్ని తీరిగ్గా చదువుతాడు. “సొంత ఫ్లాటు. కారు. గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉంది. రెండింట్లో ఏది అబద్ధం బాబూ, ఇదా, అదా?” అబ్బాయి బెంచీ మీదున్న నాన్న వైపు చూస్తాడు. నాన్న సీలింగు వైపు చూస్తాడు. మరుసటి వారం మొగుడి తరఫు కేసొస్తే అదే నోటితో, “పెళ్లి బయోడేటాల్లో రాసేవి సాక్ష్యమా, యువరానర్!” అంటాడు.

కాపురానికి పంపమని హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద కేసు వేసేవాళ్లలో కాపురం కావలసినవాళ్లు తక్కువని ఆయనే ఒప్పుకుంటాడు. 1983లో సరిత కేసులో మన హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు. మరుసటేడే సుప్రీంకోర్టు వేరే కేసులో దాన్ని నిలబెట్టింది. “దాంతోపాటు నా మేడ కూడా నిలబడిందిరా” అని జూనియర్లతో అంటాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి దణ్ణం పెట్టాలి. పిల్లల్ని బేరంలోకి లాగనివ్వడు. “గాజులడుగు, గొలుసడుగు, పసివాణ్ణి అడ్డం పెట్టకు” అని సొంత క్లయింటునే కసురుతాడు. ఆ పూట ఫీజు పోయినా సరే.

ఎప్పుడైనా లోక్ అదాలత్‌లో జంట కలిసిపోయి స్వీటు ప్యాకెట్టుతో వస్తారు. మనస్ఫూర్తిగా దీవిస్తాడు, ఒకటి నోట్లో వేసుకుంటాడు, మిగిలిన ఫీజు గుమాస్తాకి ఇచ్చి వెళ్లమంటాడు.