నేతి కుండలు, నత్రజని కుండలు

మా మేనకోడలి సీమంతానికి అయినవాళ్లూ కానివాళ్లూ అందరూ వచ్చారు. వాళ్లలో ఓ కుర్రాడు, మెడలో ట్యాగు, చంకలో సంచీ, మొహం నిండా మర్యాద. అల్లుడి తరఫు చుట్టమేమో అనుకుని దగ్గరుండి రెండు పూతరేకులు పెట్టించాను. తిని, చెయ్యి తుడుచుకుని, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మాస్టారండీ, బొడ్డుతాడు గురించి ఏం ఆలోచించారండి?"

అరవై ఏళ్లొచ్చాయి. ఇల్లు గురించి, పెన్షను గురించి, గోదావరి వరద గురించి ఆలోచించాను గానీ బొడ్డుతాడు గురించి ఎన్నడూ ఆలోచించలేదని ఒప్పుకున్నాను. అతను జాలిపడి సంచీలోంచి కరపత్రం తీశాడు. నున్నటి కాగితం, దాని మీద నవ్వుతున్న బిడ్డ. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడులో మిగిలిన రక్తం తీసి, అందులోని మూలకణాల్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో, వాళ్ల 'బ్యాంకు'లో దాచిపెడతారట. సొమ్ము అయిదంకెలు. వాయిదాల్లో కట్టొచ్చు. ఆపైన ఏడాదికింతని అద్దె.

"ఎనభై జబ్బులకి పనికొస్తాయండి. మూలకణం ఏ కణంగా కావాలంటే ఆ కణంగా మారిపోద్దండి. గుండె కావాలంటే గుండె, మెదడు కావాలంటే మెదడు."

"బొడ్డుతాడు రక్తంలో ఉండేవి రక్తాన్ని పుట్టించే కణాలు కదయ్యా. అవి మెదడెలా అవుతాయి?"

"ఆయ్, పరిశోధనలు జరుగుతున్నాయండి."

ఈ వ్యాపారానికి దాని వ్యాకరణం దానికుంది. కరపత్రంలోని క్రియలన్నీ భవిష్యత్కాలంలో ఉంటాయి. రసీదు ఒక్కటే వర్తమానంలో ఉంటుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు నవ్వేవారు. ఇప్పుడు చూలు ఉంది గనక, సోమలింగానికి అరవయ్యో ఏట రాబోయే గుండెజబ్బుక్కూడా అడ్వాన్సు కట్టించుకుంటున్నారు.

కుర్రాడిని ఏమీ అనలేం. నెలకిన్ని బొడ్లని టార్గెట్టు. రేపటి మాటని నిన్నటి ఖాతాలో రాసేసుకున్న పెద్దవాళ్లు మనలో లేరా? 2019 జనవరిలో జలంధర్‌లో 106వ భారత సైన్స్ కాంగ్రెస్ జరిగింది. ఆ వేదిక మీద అప్పటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి ఆచార్య జి. నాగేశ్వరరావు గారు, కౌరవులు మూలకణ పరిశోధన వల్లా, టెస్ట్ ట్యూబ్ విధానం వల్లా పుట్టారని సెలవిచ్చారు. రావణుడికి పుష్పకం ఒక్కటే కాదు, ఇరవై నాలుగు రకాల విమానాలు ఉండేవని కూడా చెప్పారు. దేశమంతా నవ్వింది. ఇది మా అభిప్రాయం కాదని చివరికి నిర్వాహకులే చెప్పుకోవలసి వచ్చింది. 2006లో రాజమహేంద్రవరంలో నన్నయ పేరిట విశ్వవిద్యాలయం వచ్చేదాకా గోదావరి జిల్లాల్లో మా తరంవాళ్ల డిగ్రీలన్నీ ఆంధ్రా యూనివర్సిటీవే. అందుకని ఆ నవ్వు మా సర్టిఫికెట్ల మీద కూడా పడింది.

ఆ కౌరవుల కథని ముందుగా తెలుగు చేసింది మా రాజమహేంద్రవరంలోనే. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ ఆదిపర్వాన్ని తెలుగులో రాశాడు. గాంధారి గర్భం, మాంసపు ముద్ద, దాన్ని వ్యాసుడు నూటొక్క ముక్కలు చేసి నేతి కుండల్లో పెట్టించడం, అంతా ఆ పర్వంలోదే. నన్నయ దాన్ని కథగానే చెప్పాడు. పేటెంటు అడగలేదు. గ్రాంటూ అడగలేదు.

సరే, ఉపకులపతి గారి మాటే నిజమనుకుందాం. ప్రయోగం అన్నాక ఫలితం చూడాలి కదా. గాంధారి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టిన దాఖలా లేదు. దుర్యోధనుడు పుట్టినప్పుడు నక్కలు ఊళ పెడితే, ఈ బిడ్డని వదిలెయ్యమని విదురుడు చెప్పాడు. అంటే నైతిక సంఘం రిపోర్టు వ్యతిరేకంగా వచ్చింది. సొమ్ము పెట్టే ఆసామీ, అనగా ధృతరాష్ట్రుడు, దాన్ని పక్కన పడేశాడు. ఈ ఒక్క వివరం మాత్రం చాలా ఆధునికంగా ఉందని ఒప్పుకోవాలి. ఇక ఫలితం. కుండల్లో పుట్టిన నూటొక్క మందిలో కురుక్షేత్రం తర్వాత మిగిలింది దుస్సల ఒక్కతే. అదే తండ్రికి వేరే తల్లి కడుపున, కుండతో పనిలేకుండా మామూలుగా పుట్టిన యుయుత్సుడు యుద్ధం అయ్యాక కూడా బతికే ఉన్నాడు. రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూసే ఏ పరిశోధకుడైనా నేతి కుండల పద్ధతిని ఆ పూటే ఆపించేవాడు.

నవ్వులాటకి అన్నాను గానీ, నా కోపం నేతి కుండల మీద కాదు. నెయ్యితో ఎవరూ మోసపోలేదు. పురాణం పేరు చెప్పి జరగని విజ్ఞానాన్ని జరిగిందనడం ఒకటి, విజ్ఞానం పేరు చెప్పి రాని వైద్యాన్ని వచ్చిందనడం మరొకటి. మొదటి దానికి చప్పట్లు ఖర్చవుతాయి, రెండో దానికి తాకట్టు పెట్టిన గాజులు ఖర్చవుతాయి.

బొడ్డుతాడు రక్తం పనికిమాలినదని నేననడం లేదు. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లూక్‌మాన్ అనే వైద్యురాలు ఫాంకోనీ రక్తహీనత ఉన్న ఓ పిల్లాడికి ఆ రక్తం ఎక్కించి బతికించింది. ప్రపంచంలో అదే మొదటిసారి. అయితే ఆ రక్తం పిల్లాడిది కాదు, వాడి చెల్లెలిది. కరపత్రం ఈ ముక్క దగ్గరే దగ్గు తెచ్చుకుంటుంది. తలసీమియా లాంటి పుట్టుజబ్బు ఉన్న బిడ్డకి సొంత బొడ్డుతాడు రక్తం ఎక్కిస్తే, అందులోనూ అదే లోపం ఉంటుంది. చిన్నతనంలో రక్తక్యాన్సరు వస్తే, దాని విత్తనం ఆ దాచిన రక్తంలో అప్పటికే ఉండొచ్చు. ఎనభై జబ్బుల జాబితాలో ఎక్కువ వాటికి కావలసింది ఇంకొకరి కణాలు. అంటే మన పేరున మనం దాచుకున్నది మనకే పనికిరాదు, ఎవరో ఇచ్చింది పనికొస్తుంది. బ్యాంకు అనే పేరు దీనికి ఎవరు పెట్టారో గానీ, బొడ్డు కోసిన వెంటనే పెట్టినట్టున్నారు.

సొంత రక్తం సొంతానికి అవసరపడే అవకాశం, మొదటి ఇరవై ఏళ్లలో, 0.04 శాతం నుంచి 0.0005 శాతం దాకా అని పిల్లల వైద్యుల లెక్క. అంటే రెండున్నర వేలలో ఒకరికి మొదలుకొని రెండు లక్షల్లో ఒకరి దాకా. ఇది 'జీవ బీమా' కాదు, ఆ మాట చెప్పి అమ్మొద్దు అని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2018లో తేల్చింది. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల్లో ఇంకో గీత కూడా గీసింది. బొడ్డుతాడు రక్తం తప్ప తాడు కణజాలం, మాయ, పాలపళ్లు లాంటివేవీ డబ్బు తీసుకుని దాచకూడదు. ఇంట్లో ముందు బిడ్డకి తలసీమియా లాంటి జబ్బు ఉండి, రాబోయే బిడ్డ రక్తం అక్కరకొస్తుందని వైద్యులు చెబితే ఆ లెక్క వేరు, అలాంటి ఇంటివాళ్లు తప్పకుండా దాచుకోవాలి. మా అక్క ఇంట్లో అలాంటిదేం లేదు. కుర్రాడు ఆ ప్రశ్న అడగనే లేదు.

మూలకణాల మీద నీతి చర్చ వేరే చోట్ల వేరేగా సాగింది. అమెరికాలో అధ్యక్షుడు బుష్ 2001లో పిండం నుంచి తీసే మూలకణాల పరిశోధనకి సర్కారు డబ్బు మీద ఆంక్ష పెట్టినప్పుడు, పిండం మనిషా కాదా అని వాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 2006లో జపాన్‌లో యమనక అనే శాస్త్రవేత్త మామూలు కణాన్నే వెనక్కి నడిపించి మూలకణంగా మార్చే దారి చూపాక ఆ రగడ కొంత చల్లారింది, ఆయనకి 2012లో నోబెల్ వచ్చింది. మన దగ్గర పిండం గురించి ఎవరికీ బెంగ లేదు. మన నైతిక సమస్యల్లా చెక్కా, ఫోన్‌పేనా అని.

మరీ దారుణమైనది ఆటిజం పేరు మీద నడిచే దందా. మాట రాని బిడ్డని చంకనేసుకుని ఊరూరా తిరిగే తల్లికి 'మూలకణాల చికిత్స' అన్న మాట వినిపిస్తే ఏం చేస్తుంది? పొలం కాగితాలు తీస్తుంది. ఆటిజానికి మూలకణాల చికిత్స చేయొద్దని జాతీయ వైద్య కమిషన్ వేసిన సంఘం 2022లో చెప్పింది. దీని మీద నాకు వ్యంగ్యం రాదు.

అసలు పని చేసినవాళ్లు మనవాళ్లలోనే ఉన్నారు. కరపత్రాల్లో వాళ్ల ఊసుండదు. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేసిన మెథోట్రెక్సేట్, ఎముక మూలుగ మార్పిడి అయ్యాక వచ్చిన కొత్త కణాలు రోగి ఒంటి మీద తిరగబడకుండా ఆపడానికి ఇవాళ్టికీ వాడతారు. మూలకణాలతో నిజంగా నయమయ్యే వైద్యంలో భీమవరం మందు ఉంది! మన బోదకాలుకి ఇచ్చే మాత్రా ఆయన బృందానిదే. 1948లో పోయాడు. ఆయన ఏనాడూ సీమంతాలకి మనుషుల్ని పంపలేదు.

ఇంకొకటి, హైదరాబాదులో. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన సినిమా ఎల్.వి. ప్రసాద్ పేరున్న కంటి ఆసుపత్రి. తాంబూలంలోకి తెచ్చిన సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే చిమ్మి కంట్లో పడుతుంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోతాయి, చూపు పోతుంది. అక్కడి వైద్యులు బాగున్న రెండో కంటి నుంచి నువ్వుగింజంత ముక్క తీసి, ఏ తల్లో దానమిచ్చిన మాయలోని పలచటి పొర కంటి మీద పరిచి, ముక్కని ఎనిమిదో పదో తునకలు చేసి దాని మీద అతికిస్తారు. తునకలు పెరిగి పొర కమ్ముకుంటుంది. వ్యాసుడి కుండలు గుర్తొస్తున్నాయా? తేడా ఏమిటంటే, వీళ్లు ఎంతమందికి చూపొచ్చిందో, ఎంతమందికి రాలేదో రెండూ అచ్చు వేశారు. 2012లో ఆ పద్ధతిని ప్రపంచానికంతా విప్పి చెప్పేశారు. రాలేదన్న లెక్క అచ్చు వేసిన కరపత్రం నాకింతవరకు ఎక్కడా దొరకలేదు.

కుర్రాడికి ఇవన్నీ చెప్పానని కాదు. ఒక్కటే అడిగాను. "బొడ్డు ఎప్పుడు కోస్తారు?"

"ఎంత తొందరగా కోస్తే అంత ఎక్కువ రక్తం వస్తదండి."

అదీ సంగతి. బిడ్డ పుట్టాక కనీసం ఒక నిమిషమైనా ఆగి బొడ్డు కోయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ నిమిషంలో తాడులోని రక్తం చాలావరకు బిడ్డలోకి వెళ్లిపోతుంది, నెలల తరబడి సరిపడే ఇనుము దాంతోపాటే వెళుతుంది. మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి అరవైమందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అంటే ధవళేశ్వరం నుంచి శివారు చేలకి పారాల్సిన నీటిని మధ్యలో లాకులు దింపి ఆపేసి, పీపాల్లో పోసి, ఆ శివారు రైతు పేరు మీదే దాచి, అతని దగ్గరే అద్దె వసూలు చేయడం. చేను ఎండిపోతుంటే పీపా మీద పేరు చూసుకుని అతను మురిసిపోవాలి.

కరపత్రం మడిచి అతని చేతికే ఇచ్చాను. "ఆలోచించండి మాస్టారండీ, బిడ్డ కోసవండి" అంటూ మూడో పూతరేకు తిని వెళ్లాడు.

మీ ఇంట్లో నెలలు నిండుతున్న పిల్ల ఉంటే, కాన్పు చేసే డాక్టరమ్మని ముందే ఒక మాట అడిగి పెట్టుకోండి: "అమ్మా, బిడ్డ బాగుంటే బొడ్డు కోయడానికి ఒక నిమిషం ఆగుతారా?" అని. దానం చేయాలనిపిస్తే, మూలకణ దాతల రిజిస్ట్రీలు ఉన్నాయి. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి ఇస్తే చాలు, మీ పేరు చేరుతుంది. ఎప్పుడో ఎక్కడో ఓ పిల్లాడికి మీ కణాలు సరిపోతే పిలుస్తారు.

మా మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. నిమిషం పైనే ఆగారు. తొమ్మిదో రోజున బొడ్డు ఊడింది. మా అక్క దాన్ని వెండి తాయెత్తులో పెట్టించి పిల్ల మొలతాడుకి కట్టింది. దాని వల్ల ఏ జబ్బూ తగ్గదని నాకు తెలుసు, అక్కకీ తెలుసు. కంసాలి వెండి ఖరీదూ మజూరీ పుచ్చుకున్నాడు, ఏటా అద్దె మాత్రం అడగలేదు.