కరెంటు మామ పెట్టె

కారులో ఎనభై శాతం చార్జి ఉన్నా మా మామ మొహంలో ఎనిమిది శాతమే కనిపిస్తుంది. చేతులు స్టీరింగు మీదే ఉంటాయి, చూపు మాత్రం డ్యాష్‌బోర్డు మూలనున్న ఆ అంకె మీద. డెబ్బై తొమ్మిదికి దిగిందంటే పక్కవాడికి వినపడేలా ఒక నిట్టూర్పు. డెబ్బై ఐదుకు ఏసీ ఆగిపోతుంది. డెబ్బైకి పాటలు ఆగిపోతాయి. అరవై దగ్గర మనం ఊపిరి పీల్చడం కూడా కొంచెం తగ్గించుకుంటే బాగుంటుందన్నట్టు చూస్తాడు.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లంతా ఇలా ఉండరు. మదనపల్లెలో నాకు తెలిసిన టమోటా మండీ కుర్రాడొకడు పన్నెండు శాతంతో ఈలేసుకుంటూ బెంగళూరు రోడ్డెక్కుతాడు. మామది వేరే జాతి. ఈ జాతి డిక్కీలో స్టెప్నీకి చోటుండదు. ముప్ఫై మీటర్ల వైరు చుట్ట, టెస్టరు, ఇన్సులేషన్ టేపు, కటింగ్ ప్లేయరు, వీటన్నిటి నడుమ దుప్పటి కప్పుకొని పవర్ స్టేషనని పేరున్న బ్యాటరీ పెట్టె ఉంటాయి. ఇరవై మూడు కిలోల బరువు, రెండు పక్కలా పిడులు, ముందు వెలిగే అంకెలు. పట్టేది రెండు యూనిట్ల కరెంటు. దాన్ని దించాలంటే రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషి కోసమే నన్ను వెంట తీసుకుపోతాడని నాకు ఎప్పటినుంచో అనుమానం.

"పెండ్లికి పోతా చంకలో సద్దిమూట పెట్టుకొని పోయినట్ల ఉండాది మీ మామ యవ్వారం" అంటుంది అత్త. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

మామ కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. బంధువుల్లో అందరికీ ఆయన కరెంటు మామే. సర్వీసంతా ఫోనెత్తి ఆయన చెప్పిన మాట ఒకటే: "అర్ధగంటలో వచ్చేస్తాది." గాలివాన పడినా, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా, స్తంభమే విరిగినా అర్ధగంటే. ఆ అర్ధగంట ఎంత పొడుగుంటుందో తెలిసిన మనిషి కరెంటును ఎలా నమ్ముతాడు?

మరి కారెందుకు కొన్నట్టు? 2023లో పెప్పర్ మోషన్ అనే జర్మన్ కంపెనీ పుంగనూరు దగ్గర ఎలక్ట్రిక్ బస్సుల ఫ్యాక్టరీ పెడతామని ప్రకటించింది. ఆ వార్త మామ పేపర్లో చదివాడు. ఇంక ఈ పక్కంతా చార్జర్లే చార్జర్లని తేల్చేసి, 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న కారు బుక్ చేశాడు. ఫ్యాక్టరీ కంటే ముందు కారొచ్చేసింది. కారుతో పాటే దిగులూ వచ్చింది. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో, అడవుల్లో గుడారాలేసుకొని పడుకునేవాళ్లు ఇక్కడ ఇలాంటి పెట్టెలు వాడతారు నాన్నా అని మాట వరసకు అన్నాడు. అన్నవాడు మరిచిపోయాడు, విన్నవాడు మరవలేదు. అక్కడి పెట్టె 120 వోల్టులదని, మనకు పనికిరాదని కనుక్కొని మరీ బెంగళూరు పోయి 230 వోల్టులది తెచ్చాడు. ధర లక్ష దాటింది. అందులో పట్టే కరెంటు ఇరవై రూపాయలది.

ఇంతకీ పెట్టెతో కారు ఎంత దూరం పోతుంది? ఇది మామ దగ్గర ఎత్తకూడని ప్రశ్న. నేను ఎత్తుతుంటాను. పెట్టెలోని బ్యాటరీ కరెంటు ఇన్వర్టరులో ఏసీగా మారుతుంది. కారులోకి పోయాక మళ్లీ డీసీ అవుతుంది. రెండు చోట్లా కొంత వేడిగా పోతుంది. రెండు యూనిట్లు పోస్తే బ్యాటరీకి చేరేది ఒకటిన్నర పైచిల్లర. యూనిట్‌కు ఏడెనిమిది కిలోమీటర్లనుకుంటే మొత్తం పన్నెండు. పుంగనూరులో బయల్దేరితే పలమనేరు సగం దారి కూడా రాదు. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం నూటపాతికకు అటూ ఇటూ. కారు నిండా చార్జి ఉంటే నిజం రోడ్డు మీదే రెండు వందలు పోతుంది. ఇక పెట్టె ఎందుకు?

"ఎమర్జెన్సీ అంటే ఏందో నీకు తెల్దు అల్లుడా" అంటాడు మామ.

ఆ ఎమర్జెన్సీ ఎప్పుడూ రాలేదు. రాని ఎమర్జెన్సీకి రిహార్సల్ చెయ్యడం తప్పలేదు. ఇంట్లో మొదటిసారి పెట్టినప్పుడు కారు చార్జరు ఎర్ర లైటు వేసి మొండికేసింది. అది కరెంటు తీసుకునే ముందు ఎర్తింగ్ ఉందా అని చూసుకుంటుంది. పెట్టెలో న్యూట్రలుకూ ఎర్తుకూ సంబంధమే ఉండదు. ముప్ఫై ఏళ్ల సర్వీసుకు ఇదొక లెక్కా? మామ ఏదో ప్లగ్ తయారుచేశాడు. ఎలాగో రాయను, చూసి ఎవరైనా ఇంట్లో చేస్తే ప్రాణాల మీదికొస్తుంది. రెండోసారి చార్జరు మూడు వేల వాట్లు లాగబోయింది, పెట్టె కీచుమని అరిచి పడుకుంది. దాంతో కరెంటు తగ్గించుకునే వీలున్న ఇంకో చార్జరు కొన్నాడు. ఈ ఖర్చులన్నీ అత్తకు విడతల వారీగా తెలిశాయి.

అసలు రిహార్సల్ పుంగనూరు దాటాక రోడ్డు పక్క టీ అంగడి దగ్గర జరిగింది. కారులో 58 శాతం ఉంది. "ఊరికే చూస్తాం" అని బండి ఆపాడు. ఇద్దరం పెట్టె దించాం. మామ దుప్పటి తీసి, నాలుగు మడతలేసి, దాని మీద మోకాళ్లూని కూర్చున్నాడు. కేబుల్ పెట్టాడు. పెట్టెలో ఫ్యాను మొదట గుసగుసలాడింది, తర్వాత హోరెత్తింది. అంకెలు 100, 98, 97 అని దిగుతున్నాయి. మామ పెదవులు వాటితో పాటే కదులుతున్నాయి. చుట్టూ జనం చేరారు.

"యాడ సామీ మీటింగు?" అనడిగాడు తలపాగా చుట్టుకున్న పెద్దాయన. మైకు సెట్టనుకున్నాడు.

"మీటింగు కాదు పెద్దాయనా, కారుకు కరెంటు పెడతా ఉండా."

"దీనికి కరెంటు యాడనుంచి వచ్చింది?"

"ఇంట్లో ప్లగ్గు నుంచి."

"అట్లయితే కారునే ఆ ప్లగ్గుకు పెట్టి రాకూడదా?"

మూడడుగుల ఆవును సాకి పాలు, పేడ, దూడ లెక్కలన్నీ సరిచూసుకున్న ఊరు పుంగనూరు. అక్కడివాళ్లకు లెక్క తప్పదు. మామకు జవాబు దొరక్క టీ తాగాడు. అప్పుడు అంగడతను ఇంకా పెద్ద దెబ్బ కొట్టాడు: "అన్నా, మా ఫ్రిజ్జు కాడ పదహైదు ఆంపియర్ల ప్లగ్గు కాళీగానే ఉండాది. వైరు లాక్కోండి, ఇచ్చేదేమన్నా ఉంటే ఇయ్యండి."

మామ వినపడనట్టే కూర్చున్నాడు. గంటకు పెట్టె సున్నా చూపింది. కారు 64 చూపింది. ఆ ఆరు శాతాన్ని ఆయన ఫోటో తీసి డల్లాస్ పంపాడు. కారు స్టార్టు చేసి, ఎండకు కాగిపోయి ఉందని ఒక్క నిమిషం ఏసీ వేశాడు, వెంటనే తప్పు చేసినవాడిలా ఆపేశాడు.

ఒక రోజు హార్స్‌లీ కొండకు రమ్మన్నాడు. చల్లగాలికని అనుకున్నాం. కాదు, నాలుగు వేల అడుగులు దాటిన కొండ దిగేటప్పుడు చక్రాలే బ్యాటరీని నింపుతాయని, ఆ నింపుడు చూపించడానికి. నిజంగానే దిగేసరికి రెండు శాతం పెరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎక్కేటప్పుడు పోయిన పదహైదు శాతం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే దిగిపొమ్మంటాడు.

పెట్టె సంగతి అలా ఉంచితే మామ దగ్గర ఇంకో గుణం ఉంది, అది బంధువులందరికీ హడలు. ఎవరింటికి పోయినా చెప్పులు విడవకముందే అడిగే మాట, "మీ ఇంట్లో ఎర్తుందా?" టెస్టరు జేబులోనే ఉంటుంది. హాలు, వంటగది, చివరికి పూజ గది స్విచ్చిబోర్డు కూడా చూస్తాడు. తర్వాత పెరట్లోకి పోయి ఎర్తు గుంత వెతుకుతాడు. ఎండాకాలమైతే బిందె తెప్పించి నీళ్లు పోస్తాడు. ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్లయిందని అడుగుతాడు. ఇంటివాళ్లు అన్నం వడ్డించుకొని చూస్తుంటారు. ఆయన దృష్టిలో మా బంధువులు రెండే రకాలు, ఎర్తున్నవాళ్లు, లేనివాళ్లు. మా పెద్దమ్మ మనవరాలికి మంచి సంబంధం వస్తే చూసొచ్చి, "పిల్లోడు బంగారం. ఇంట్లో త్రీపిన్‌కు రెండే వైర్లు" అన్నాడు. సంబంధం కుదిరింది. ఎర్తింగ్ కూడా పెండ్లిలోపు వేయించారు, మామ దగ్గరుండి.

నిజం చెప్పాలంటే ఇందులో ఆయనదే న్యాయం. గీజర్లు, గ్రైండర్లు ఉన్న ఇళ్లలో కూడా చాలాచోట్ల ఎర్తు పేరుకే ఉంటుంది. కారు చార్జరు ఎర్ర లైటు వేసేదాకా ఎవరికీ తెలియదు. నాకూ అలాగే తెలిసింది. (నా సంచిలో ఎప్పుడూ రెండు పవర్ బ్యాంకులుంటాయి, అది వేరే సంగతి.)

పెట్టె అక్కరకొచ్చింది ఒక్కసారే, కారుకు కాదు. కుప్పంలో బంధువుల ఇంట నిశ్చితార్థం. తాంబూలాలు మార్చుకునే వేళకు కరెంటు పోయింది. ఎవరో ఆఫీసుకు ఫోన్ చేశారు, "అర్ధగంట" అన్నారట. ఆ మాట చెవిన పడగానే మామ లేచాడు. ఇద్దరం పెట్టె మోసుకొచ్చాం. నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, మైకు, ఐస్‌క్రీం పెట్టె, అన్నీ దాని మీదే నడిచాయి. అందరూ మామను పొగిడారు. అత్త కూడా మొదటిసారి ఆ పెట్టె వైపు కోపం లేకుండా చూసింది. మామ మాత్రం పెట్టె ముందు కుర్చీ వేసుకొని, తగ్గే ప్రతి అంకెకూ ఒక నిట్టూర్పు వదులుతూ కూర్చున్నాడు.

మరుసటి రోజు తిరుగు ప్రయాణం. రాత్రంతా ఆ ఇంటి ప్లగ్గుకే పెట్టారు కాబట్టి కారు నిండా ఉంది. పెట్టె ఖాళీ. అంతే, ముప్ఫై ఐదు దాటలేదు బండి. టమోటా లారీలు, ఆర్టీసీ బస్సులు, చివరికి ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయాయి. పలమనేరు అడవి దగ్గర ఏనుగులు దాటే చోటని బోర్డుంది. అక్కడ కూడా వేగం పెంచలేదు. ఏనుగులొస్తే ఎట్లా మామా అంటే, "ఏనుగులొస్తే పోతాయి అల్లుడా, చార్జి పోతే రాదు" అన్నాడు.

ఇప్పుడు పెట్టెకు మడతపెట్టే సోలార్ పలకలు కొంటానంటున్నాడు. 2025 జనవరిలో ముఖ్యమంత్రి కుప్పం దగ్గర నడిమూరులో ఇళ్లకప్పుల మీద సోలార్ మొదలుపెట్టింది చూసొచ్చినప్పటి నుంచి ఇదే ధ్యాస. రెండు వందల వాట్ల పలకతో ఆ పెట్టె నిండాలంటే రెండు రోజుల మంచి ఎండ కావాలి. రెండు రోజులు రోడ్డు పక్క ఎండబెట్టి పన్నెండు కిలోమీటర్లు పోవచ్చు. లెక్క చెప్పాను. "ఎండ ఊరికే వచ్చేదే కదా" అన్నాడు.

ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పెట్టె కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఫ్యానుకు మంచిది, కారుకు దండగ. ఆ డబ్బులో కొంత పెట్టి తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో సరైన ఎర్తింగ్ వేయించి, కారుకు విడిగా లైను లాగించుకోండి. రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. కుప్పం వైపున్న బంధువులకు మాత్రం ఇంకో మనవి. మామ బయల్దేరాడని కబురందితే ఎర్తు గుంతలో రెండు బిందెల నీళ్లు ముందే పోసి ఉంచండి, అన్నం చల్లారకుండా తినొచ్చు.