అడగనిదే తొందరపడను

నేను జీసీసీని. సీ భాషలో రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే కంపైలర్‌ను. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ చేతుల్లో వెలుగు చూశాను. సీ భాషకు అమెరికాలో ప్రమాణం వచ్చింది 1989లో. ప్రమాణం కన్నా ముందు పుట్టినదాన్ని కనుక నాకంటూ ఒక యాస ఉంది. ఏ ప్రమాణమో చెప్పకుండా పని అప్పగిస్తే ఆ యాసలోనే చదువుకుంటాను.

ఇప్పుడు నా కాపురం పుదుచ్చేరిలో, పెద్ద కాలువకు పడమట ఒక అద్దెగదిలో. యానాం నుంచి చదువుకోవడానికొచ్చిన అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉంటున్నాను. సముద్రపు ఆటుపోట్ల కొలతలను లక్షలకొద్దీ కూడే ప్రోగ్రాము రాసుకుంది. ఫ్లోట్ రకం సంఖ్యకు 24 బిట్ల పట్టే ఉంటుంది. ఒకటి చొప్పున కూడుతూ పోతే 1,67,77,216 దగ్గర ఆగిపోతుంది. ఆపైన ఎన్ని ఒకట్లు కలిపినా కదలదు. అది తెలిసే ఆమె విలియం కాహన్ 1965లో ప్రకటించిన పద్ధతి వాడింది. కూడికలో జారిపోయిన చిల్లరను పక్కన పట్టి ఉంచి, తర్వాతి కూడికలో కలపడమే ఆ పద్ధతి.

ఒక రాత్రి గదిలో ఉండే జూనియర్, "అక్కా, ఫాస్ట్‌మ్యాథ్ పెట్టి చూడు, పరుగెడుతుంది" అంది. పెట్టింది. బడిలో నేర్పే బీజగణితం యంత్రపు సంఖ్యలకూ వర్తిస్తుందని అనుకోవడానికి ఆ ఒక్క ఆప్షన్ నాకు అనుమతి. కలిపినదాన్నే తీసేస్తే మిగిలేది సున్నాయే కదా అని చిల్లర పట్టే వరుసను చెరిపేశాను. వేగం పెరిగింది, మొత్తంలో చివరి అంకెలు మారాయి. పాపం, తన రాతలో లేని తప్పు కోసం ఆమె తెల్లవారేదాకా వెతికింది.

ఆ ఆప్షన్ నాలో మామూలుగా మూసే ఉంటుంది. ఇంటెల్ కంపైలర్ ఫ్లోట్ లెక్కల్లో అడక్కుండానే వేగం వైపు మొగ్గుతుంది. నేనూ పూర్తిగా మడికట్టుకున్నదాన్ని కాను. గుణకారాన్నీ కూడికనూ ఒకేసారి చేసే శక్తి ప్రాసెసర్‌కు ఉందని చెబితే ఆ రెంటినీ ఒక్కటి చేసి, మధ్యలో జరగాల్సిన రౌండింగ్‌ను దాటేస్తాను. ఐఎస్ఓ సీ17 ప్రమాణం పాటించమంటే మానేస్తాను.

కొత్తవాళ్లు నా మాన్యువల్ చదివి రారు, నన్ను నమ్మి వస్తారు. వాళ్లు ఏమీ చెప్పనప్పుడు నేను చేసే పనే వాళ్లకు నేనిచ్చే మాట. ఆ మాట ప్రమాణానికి కట్టుబడి ఉండాలి, వేగం కావాలన్నవారు నోరు తెరిచి అడగాలి.

తెల్లారి ఆమె ఫాస్ట్‌మ్యాథ్ తీసేసి సీ17 అని రాసింది. జవాబు ఆలస్యంగానే వచ్చింది, జారిన చిల్లరంతా కలుపుకుని.