మొరాయించే ల్యాప్‌టాప్: అనంతపురం వినియోగదారులకు ఒక మార్గదర్శిని

ల్యాప్‌టాప్ మొరాయించడం రెండు విధాలు: మీట నొక్కినా దీపమైనా వెలగకపోవడం ఒకటి, దీపం వెలిగి, ఫ్యాను తిరిగి, తెర మాత్రం నల్లగానే ఉండిపోవడమో, కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోవడమో రెండోది. మొదటిది సాధారణంగా కరెంటు సంగతి అనీ, రెండోది ర్యామ్, డిస్కు, విండోస్ వంటి లోపలి వ్యవహారమనీ ఈ తేడాతోనే చాలావరకు తేలిపోతుంది కనుక, పరీక్ష ఇంత తొందరగా ముగియడం ఇష్టం లేనివారు దానిని గమనించకపోవడం మంచిది.

ముందుగా నేరాన్ని లో వోల్టేజి మీదికి నెట్టి స్టెబిలైజరు కొనాలి. అడాప్టరు, అంటే గోడ కరెంటును సుమారు 19 వోల్టుల డీసీగా మార్చే నల్లపెట్టె, 100 నుంచి 240 వోల్టుల వరకు దేనినైనా స్వీకరిస్తుందని దాని వీపు మీదే అచ్చు వేసి ఉంటుంది గాని, అంత చిన్న అక్షరాలు చదవడం కళ్లకు మంచిది కాదు.

ఎర్తింగ్ విషయంలో జిల్లాకు ప్రత్యేకమైన వెసులుబాటు ఉంది. లీకయిన కరెంటును భూమిలోకి పంపే ఈ ఏర్పాటుకు గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు పొరల మధ్య లోహపు గొట్టం పాతి, మట్టి తడి ఆరకుండా నీళ్లు పోస్తుండాలి. ఎండిన మట్టి కరెంటును సరిగా తీసుకోదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకోగా, ఈశాన్య రుతుపవనాలు దారిలోనే చాలావరకు ఖర్చయిపోగా, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే పీఠభూమిలో, ట్యాంకరు కోసం బిందెలు వరుస కట్టే వీధిలో, గొయ్యికి బిందెడు నీళ్లు పోయమనడం ఏ శాస్త్రానికైనా సాహసమే. అందుచేత ప్లగ్గు మూడో పిన్నును అలంకారంగా భావించి రెండు పిన్నుల కన్వర్టరు వాడి, లోహపు మూత మీద అరచేయి ఆనినప్పుడు పుట్టే జిలజిలను కరెంటు పుష్కలంగా ఉందనడానికి నిదర్శనంగా స్వీకరించవచ్చు. ఇక మదర్‌బోర్డులో నిలిచిపోయిన ఛార్జి వల్ల యంత్రం మొరాయించినప్పుడు, అడాప్టరు ఊడదీసి, మీటను 30 సెకన్లు అదిమిపట్టి, తిరిగి ప్లగ్గు పెడితే తరచు లేస్తుంది. పైసా ఖర్చు లేని వైద్యం కనుక దీని మీద ఎవరికీ గురి కుదరదు.

పరిసరాల వేడి 35 డిగ్రీలు దాటనిచోట వాడాలని చాలా ల్యాప్‌టాప్‌ల వివరపత్రాలు చెబుతాయి. ఆ లెక్కన, మే నెలలో 40 దాటే అనంతపురంలో మధ్యాహ్నం మొరాయించే యంత్రం నిబంధనలు పాటిస్తున్నట్టే. ఎండిన హగరి నది ఇసుకను కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల పొలాల మీదికి తోలే గాలికి ల్యాప్‌టాప్ ఫ్యాను ఒక లెక్క కాదు. దాని రెక్కల వెనుక దుమ్ము దూదిలా పేరుకుంటే ప్రాసెసరు సుమారు 100 డిగ్రీలకు చేరి తనను తాను ఆర్పేసుకుంటుంది. ఈ ఫలితాన్ని త్వరగా పొందగోరేవారు యంత్రాన్ని పరుపు మీద పెట్టి వాడాలి.

తెర నల్లగానే ఉంటే, ర్యామ్ పట్టీని తీసి, బంగారు రంగు అంచును పిల్లల రబ్బరుతో తుడిచి, ఏటవాలుగా దూర్చి, రెండు పక్కల క్లిప్పులు టక్కుమనేదాకా అదమడం రివాజు. ఇది పనిచేసే ప్రమాదం ఉంది. బ్యాటరీ, ఆపై ర్యామ్, ఆపై డిస్కు, చివరికి మదర్‌బోర్డు మార్చుకుంటూ పోవడమే, నీళ్లు పడని బోరు పక్కన మరో బోరు వేసే ప్రాంతానికి తగిన సంప్రదాయం. బోర్లకైతే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అనుమతి తీసుకోమంటుంది. విడిభాగాలకు ఆ అడ్డు కూడా లేదు.

మళ్లీ మళ్లీ ఆన్ చేయడాన్ని అజ్ఞానమని కొట్టిపారేయరాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేరు సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేటుతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర దగ్గర కూలబడి, హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వవలసి వచ్చినప్పుడు, తన క్లౌడ్ యంత్రాలను 15 సార్ల దాకా రీస్టార్ట్ చేయవలసి రావచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది.

ఇక ఫైళ్ల మాట. లేవని యంత్రం నుంచి డిస్కు తీసి మరో కంప్యూటరుకు తగిలించవచ్చు గాని, బిట్‌లాకర్, అంటే డిస్కులోని సమాచారాన్ని గుప్తంగా మార్చే ఏర్పాటు ఉంటే, అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీని అదే ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరులో భద్రపరచాలి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నవారికి ఈ మార్గదర్శినితో పనిలేదు.